రిపేరన్న ఆదివారం

మా వీధిలో ఏ వస్తువు పాడైనా పారేసే ముందు ఒకసారి రిపేరన్నకు చూపించడం అందరికీ అలవాటు. టేబుల్ ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, మిక్సీ, రేడియో, పిల్లలు ఆడుకునే కీ రైలు, ఏదైనా సరే. ఆయన షాపు నా జిరాక్సు షాపు పక్కనే, షాపు వెనకే ఇల్లు. లోపల ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి గుమ్మంలో నిలబడాల్సిందే. గోడల నిండా వైర్ల చుట్టలు, మూతలు పోయిన డబ్బాల్లో స్క్రూలు, ఎప్పుడూ సోల్డరింగ్ వాసన. ఆయన నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. అయినా నేనూ అన్న అనే పిలిచేవాణ్ని. ఆ వరసన ఆయన భార్య వీధికంతటికీ వదిన, ఆయన తల్లి పెద్దమ్మ.

ముప్పై ఎనిమిదో ఏట ఆయన చేతిలోంచి స్క్రూలు జారడం మొదలైంది. "ఏంటన్నా, వెన్న తిని చేతులు కడుక్కోలేదా?" అన్నాను నేను. ఆయనా నవ్వాడు. నెల తిరిగేసరికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. నేనన్న ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

పెద్దాసుపత్రిలో పరీక్షల మీద పరీక్షలు చేసి నరాల జబ్బు అన్నారు. మెదడు పంపే కబురు కండరాలకు అందదట. ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆపైన మాట, చివరికి ఊపిరి. "మందు?" అని వదిన అడిగితే డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడట. ఆ తుడవడంలోనే తనకు అంతా అర్థమైపోయిందని వదిన తర్వాత నాతో చెప్పింది.

షాపు మాత్రం మూయలేదు. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, వదిన చేసేది. పెళ్లికి ముందు బల్బు మార్చడం కూడా తెలియని మనిషి. గోడకు ఇవతల నాకు వాళ్ల మాటలన్నీ వినిపించేవి.

"ఎడమకి తిప్పు."

"తిప్పుతున్నాగా."

"అది కుడి."

"నాకు ఎడమే."

"స్క్రూకి నీతో పనేంటి? దాని ఎడమ దానిది."

"అబ్బో, మీ స్క్రూలకి కూడా అత్తగారి పౌరుషమే!"

"మధ్యలో నా ఊసెందుకే?" అని వంటింట్లోంచి పెద్దమ్మ. ముగ్గురూ పగలబడి నవ్వేవాళ్లు.

రెండేళ్లలో వదినకు పని చేతికి పట్టుబడింది. ఆయన మాట ముద్దముద్దగా మారి, తర్వాత పూర్తిగా పోయింది. అప్పుడు కళ్లతోనే చెప్పేవాడు. ఒకసారి రెప్ప వేస్తే సరే, రెండుసార్లు వేస్తే తప్పు, గట్టిగా మూసుకుంటే 'నీతో నేను వేగలేను' అని అర్థం. మూడో ఏడు ఒక ఉదయం వదిన గడ్డం గీస్తుండగా ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆమె మిగిలిన సగం గడ్డం కూడా నెమ్మదిగా గీసి, మొహం తుడిచి, అప్పుడు పెద్దమ్మను పిలిచింది.

ఆయన బతికి ఉండగా నెలకోసారి ఒకమ్మాయి ఇంటికి వచ్చేది. పెద్దాసుపత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో పనిచేస్తుంది. మాకందరికీ ల్యాబమ్మాయి. ఆయన రక్తం కొద్దిగా తీసుకెళ్లేది. "నాకెటూ పనికిరాదు, వెనక వచ్చేవాళ్లకన్నా పనికొస్తుంది" అని ఆయన మొదట్లోనే సంతకం పెట్టాడు. ఆయన చేత్తో పెట్టిన ఆఖరి సంతకం అదే.

ఆయన పోయిన నెలరోజులకు ల్యాబమ్మాయి చూడడానికి వచ్చింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

"ఇక రానేమో పెద్దమ్మా."

"ఏం? వాడు పోతే మేం కానివాళ్లమైపోయామా?"

"అయ్యో, అది కాదు. ఇంకో రెండు నెలల్లో నా ఉద్యోగం అయిపోతుంది. ఒక మందు మీద మాకు ఆశ ఉంది. అది పనిచేస్తుందో లేదో తేల్చాలంటే ఇంకో ఏడాది పడుతుంది. కానీ ఇది చాలా తక్కువమందికి వచ్చే జబ్బు. దీని మీద డబ్బు పెట్టేవాళ్లు లేరు."

"తక్కువమందికి అంటే?"

"లక్షలో ఏ నలుగురైదుగురికో."

"ఆ నలుగురిలో ఒకడు నా కొడుకు. నాకు వాడే లక్షమందీ" అంది పెద్దమ్మ. "నీ ఏడాది జీతం ఎంతో చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది. పెద్దమ్మ రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. వదిన మాత్రం షాపులోకి వెళ్లి, ఆయన పోయాక మొదటిసారి లైటు వేసింది. "మనకొచ్చింది రిపేరే కదా అత్తయ్యా. అదే చేద్దాం" అంది.

అలా మొదలైంది. ప్రతి నెలా మొదటి ఆదివారం షాపు ముందు బల్లలు వేసి, ఏం పాడైనా కూలి లేకుండా బాగుచేస్తారు. బాగైతే ఎవరికి తోచింది వాళ్లు డబ్బాలో వేయాలి. బాగవకపోయినా వేయొచ్చు. కరపత్రాలు నేనే వేశాను. 'నరాల జబ్బు పరిశోధన కోసం' అని ఉండాల్సిన చోట 'నగల జబ్బు' అని పడింది. ఐదువందల కాగితాలూ పంచేశాక గానీ చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమ్మ కాగితం చదివించుకుని, "పోనీలే, ఆ జబ్బు కూడా ఈ వీధిలో చాలామందికి ఉంది" అంది.

ఆ తప్పు మంచికే వచ్చింది. నగల జబ్బేంటో చూద్దామని జనం వచ్చారు. గడియారాలు బాగుచేసే ముసలాయన తన భూతద్దంతో సహా వచ్చి ఒక బల్ల దగ్గర కూర్చున్నాడు. దర్జీ తన మిషను మోసుకొచ్చి చిరిగిన సంచులు కుట్టాడు. పెద్దమ్మ అందరికంటే ముందు కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి వస్తువునూ ఆరా తీసేది.

"ఏమైంది దీనికి?"

"తిరగట్లేదు పెద్దమ్మా" అన్నాడు ఫ్యాను పట్టుకొచ్చిన రిటైరైన బస్సు డ్రైవరు.

"నూనె వేశావా?"

"లేదు."

"తుడిచావా?"

"లేదు."

"నీ బస్సుని కూడా ఇలాగే చూసుకున్నావా? ఎక్కినవాళ్లు అదృష్టవంతులు."

వదిన లోపల తల వంచుకుని పని చేసుకుంటూ పోయేది. ఒక్కొక్కసారి స్క్రూడ్రైవరు ఆపి పక్కనున్న ఖాళీ స్టూలు వైపు చూసి, మళ్లీ తిప్పేది. ఆ స్టూలు మీద మేమెవ్వరం కూర్చునేవాళ్లం కాదు. ఎవరూ కూర్చోవద్దని చెప్పలేదు కూడా.

పదకొండు నెలల్లో ఆ అమ్మాయి ఏడాది జీతం పోగైంది. పక్క వీధుల వాళ్లు, బడి టీచర్లు, బస్సు డిపో వాళ్లు, అందరూ తలా ఒక చెయ్యి వేశారు. పోగైనంత వరకు నెలనెలా అందిస్తూ ఉండడంతో ల్యాబమ్మాయి పని ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఆ మధ్యలో ఒకరోజు ఆమె వదిననీ పెద్దమ్మనీ ల్యాబుకు తీసుకెళ్లింది. ఆటో మాట్లాడినవాణ్ని కాబట్టి నేనూ వెళ్లాను. తెల్లటి గది, ఫ్రిజ్‌లాంటి బీరువా, దాన్లో చిన్న చిన్న గాజు పళ్లేలు. ఒక పళ్లెం సూక్ష్మదర్శిని కింద పెట్టి పెద్దమ్మను చూడమంది. పెద్దమ్మ ఒక కన్ను మూసుకోవడం చేతకాక అరచేత్తో కప్పుకుని, చాలాసేపు చూసింది.

"ఏంటమ్మా ఈ దారాలు?"

"నరాల కణాలు పెద్దమ్మా. అన్నయ్య రక్తంలోంచి పెంచినవి. వీటి మీదే మందు పరీక్షిస్తున్నాను."

"అంటే... వాడివేనా? బతికే ఉన్నాయా?"

"ఆయనవే. బతికే ఉన్నాయి."

పెద్దమ్మ కళ్లు తీయలేదు. కాసేపటికి, "ఏం పెడతావు వీటికి?" అని అడిగింది.

"చక్కెర, ఉప్పు, ఇంకా కొన్ని కలిపిన నీళ్లు. రోజూ మార్చాలి."

"ఆదివారం కూడానా?"

"ఆదివారం కూడా వస్తాను."

పెద్దమ్మ ఆ అమ్మాయి చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

ఏడాది నిండాక ఒక మధ్యాహ్నం ల్యాబమ్మాయి వచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది. షాపు మెట్టు మీద కూర్చుని చెప్పింది. మందు పనిచేయలేదు. ఒకసారి కాదు, పద్ధతి మార్చి మార్చి నాలుగుసార్లు చూసింది. మందు వేసిన కణాలు, వేయని కణాలు ఒకేలా చచ్చిపోయాయి.

"నన్ను తిట్టండి వదినా" అంది.

"నిన్నెందుకు తిడతాను? నువ్వు తిన్నావా?" అంది వదిన. ఆమెకు అన్నం పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, షాపు షట్టరు సగం కిందికి లాగింది. దాని వెనక ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు.

ఆ ఆదివారం అందరికీ చెప్పాలి కదా. ల్యాబమ్మాయే చెబుతానంది. బల్లల మధ్య నిలబడి, చేతులు నలుపుకుంటూ, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"అంటే డబ్బంతా నీళ్లలో పోసినట్టేనా?" అన్నాడు బస్సు డ్రైవరు.

ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగింది. "పని చేయదని తేలింది. ఈ మందు మీదే ఆశ పెట్టుకున్న వాళ్లు ఇంకా చాలాచోట్ల ఉన్నారు. వాళ్లకి దీని మీద పోయే ఏళ్లు మిగులుతాయి" అంది.

ఎవరికీ పెద్దగా ఎక్కలేదు. అప్పుడు గడియారాలాయన భూతద్దం నుదుటి మీదికి తోసుకుని లేచాడు. "నా రేడియో ఒకటి రిపేరన్న బాగుచేయలేకపోయాడు. తిరిగిచ్చేటప్పుడు దానికొక చీటీ కట్టాడు. 'స్పీకరు బాగుంది, ట్రాన్స్‌ఫార్మరు బాగుంది, ఈ రెండూ మళ్లీ విప్పకండి' అని. ఇంకో ఊళ్లో మెకానిక్కు ఆ చీటీ చూసి అరగంటలో బాగుచేశాడు. ఆ ఇద్దరిలో కూలి తీసుకోనిది మాత్రం రిపేరన్నే. ఈ అమ్మాయి కూడా ఇప్పుడు చీటీ రాసిందనుకో."

"మా గ్రైండరుకి కూడా కట్టాడు" అంది ఎవరో ఆవిడ. వదిన గభాలున లోపలికి వెళ్లిపోయింది. బస్సు డ్రైవరు మాత్రం ఒప్పుకోలేదు. "రేడియో వేరు, మనిషి వేరు" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఈసారి తెచ్చిన ఫ్యాను మాత్రం రిపేరుకు వదిలేసి వెళ్లాడు.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం పెద్దమ్మ బయటికి రాలేదు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చినవాళ్లు ఎవరికి వస్తువు ఇవ్వాలో తెలియక తడబడుతుంటే వదిన లోపలికి వెళ్లింది. నా షాపులోకి వాళ్ల మాటలు వినిపించాయి.

"వాడికి ఎలాగూ మందు అందలేదు. ఎవడో ఒకడు వాడి పేరు చెప్పుకుని లేచి నడుస్తాడనుకున్నానే. ఏడాదిలో అయిపోతుందనుకున్నా."

"నేనూ అలాగే అనుకున్నానత్తయ్యా."

"మరి నువ్వెలా కూర్చుని పని చేస్తున్నావు? నీకు ఏడుపు రాదా?"

"వస్తుంది. కానీ పని చేస్తుంటే ఆయన పక్కన కూర్చుని తప్పులు పడుతున్నట్టుంటుంది. మానేస్తే నేనే ఆయన్ని లేపి పంపించేసినట్టుంటుంది."

తర్వాత పెద్దమ్మ గొంతు బాగా చిన్నగా వచ్చింది. "నాకు వాడి గొంతు గుర్తు రావట్లేదే. జబ్బు చేశాక మాట్లాడిందే చెవుల్లో ఉంది. ముందుది పోయింది."

వదిన గొంతు మార్చి ఆయనలా ఏదో అంది. నాకు మాటలు అందలేదు. పెద్దమ్మ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను జిరాక్సు మిషను ఆన్ చేశాను, ఇక వినడం మర్యాద కాదని.

ల్యాబమ్మాయి ఇంకో మందు మొదలుపెట్టింది. ఈసారి ఇంకో ఊరి ల్యాబు కూడా ఆమెతో చేయి కలిపింది. ఆమె పంపిన ఫలితాలు చదివి వాళ్లే ఆమెకు ఉత్తరం రాశారట. ఎన్నాళ్లు పడుతుందని మేం అడగడం మానేశాం.

పెద్దమ్మ బయటికి రాని ఆ ఆదివారమే, జనం పల్చబడ్డాక, ఒక నడివయసు జంట వచ్చింది. ఆవిడ చేతిలో ఇస్త్రీ పెట్టె. ఆయన కుడిచెయ్యి జేబులో ఉంది.

"ఏమైందండీ దీనికి?" అంది వదిన.

"ఏమీ కాలేదండీ. బాగానే పనిచేస్తుంది" అంది ఆవిడ. "మీ దగ్గరికి రావడానికి ఏదో ఒకటి పట్టుకురావాలి కదా అని తెచ్చాను." తర్వాత భర్త వైపు చూసింది.

అప్పటికి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. జేబులోని చేతిని చూసింది.

"ఎన్నాళ్లైంది నాయనా?"

"నాలుగు నెలలండీ" అన్నాడాయన. "తాళంచెవి తిప్పలేకపోతున్నాను."

"మందు ఉందాండీ?" అని ఆవిడ వదిననే అడిగింది. "ఏదన్నా ఉంటే మీకే తెలుస్తుందన్నారు."

వదిన ఇస్త్రీ పెట్టె బల్ల మీద పెట్టింది. "ఇంకా లేదండీ. వెతుకుతున్నారు. వెతికే అమ్మాయి మాకు బాగా తెలుసు, రేపు తీసుకెళ్తాను. ముందు కూర్చోండి."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఆయనకు కుర్చీ లేదు. పెద్దమ్మ లోపలికి వెళ్లి, ఎవరూ ముట్టుకోని ఆ స్టూలు తెచ్చి ఆయన వెనక వేసింది. వదిన ఒక్కసారి అత్తగారి మొహంలోకి చూసి, టీ పెట్టడానికి వెళ్లింది.

టీ వచ్చింది. ఆయన ఎడమచెయ్యి చాపి, మొహమాటంగా ఆగిపోయాడు. పెద్దమ్మ ఆయన కుడిచేతిని మెల్లగా జేబులోంచి బయటికి తీసింది. గ్లాసు చుట్టూ తన చీర కొంగు చుట్టి, ఆయన రెండు అరచేతుల మధ్య పెట్టింది.

"వేళ్లని నమ్ముకోకు. అరచేతులతో ఇలా అదిమి పట్టు. మోచేతులు మోకాళ్ల మీద ఆనించు. ఆఁ, అలాగే."

ఆయన తల వంచి ఒక గుక్క తాగాడు. పెద్దమ్మ గ్లాసు కింద చెయ్యి పెట్టి, ఆయన తాగడం అయ్యేదాకా అలాగే వంగి నిలబడింది.