మిక్సరు మీద బొట్లు

గోపయ్య కొన్న నాటికే ఆ సౌండు మిక్సరు పాతది. నాబుల చుట్టూ అంకెలు అరిగిపోయాయి. ఏది ఎక్కడ ఆపాలో కంటికి తెలిసేది కాదు. అందుకని వనజ తన స్టిక్కరు బొట్లే తీసి, నాబు ఆగాల్సిన చోటల్లా ఒకటి అంటించింది. గొంతుకు ఎర్రవి, డోలుకు నల్లవి, కీబోర్డుకు పచ్చవి. ఇదేందని ఎవరైనా అడిగితే, దసరా పూజకు పెట్టిన బొట్లని గోపయ్య నవ్వేవాడు.

ఆయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో డ్రిల్లు పట్టిన మనిషి. బాయి దిగడం మానేశాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇల్లందులో మైకుసెట్టు దుకాణం పెట్టాడు. టేకులపల్లి అవతల అడవి పల్లెలో పదో తరగతి దాకా చదివిన వనజను ఫోను ఎత్తడానికి, బుకింగులు రాయడానికి పెట్టుకున్నాడు. పిల్ల మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. వైర్లు చుట్టడంతో మొదలుపెట్టి మిక్సరు దాకా వచ్చింది. గోపయ్య కూడా దాచుకోకుండా నేర్పాడు. స్పీకరు బాక్సులు మైకులకు ముందుండాలన్నాడు. ఒక్కో మైకూ విడిగా తెరిచి చూశాకే అన్నీ కలపాలన్నాడు.

ఆయన నేర్పనిది ఆమె నడిచి నేర్చుకుంది. పాట మొదలవగానే లేచి, వెనక ఆడవాళ్లు కూర్చునే మూలకు పోయి నిలబడేది. అక్కడ మాట ముద్దగా వినిపిస్తే వచ్చి ఒక నాబు కాస్త కదిపేది. ఖాళీ హాల్లో సరిపోయింది జనం నిండాక సరిపోదని అట్లా తెలిసింది.

ఇంకొకటి కూడా తెలిసింది. గోపయ్య ప్రతిసారీ సన్నటి సౌండు పెంచే ట్రెబులు నాబును పైకి తిప్పేవాడు. పాట చెవిలో సూదుల్లా గుచ్చుకునేది. ఆయన అటు తిరగ్గానే వనజ దాన్ని బొట్టు దగ్గరకు దించేది. రెండేళ్లు అట్లాగే గడిచాయి. గోపయ్య సౌండు చెవికి హాయిగా ఉంటుందని పేరొచ్చింది. ఆ పేరు మీదే భద్రాచలంలో గిరిజన కళల పండుగ బుకింగు వచ్చింది.

"మొదటి రోజు పొద్దున మిక్సరు కాడ నువ్వే కూసో బిడ్డా," అన్నాడు గోపయ్య. "మీ ఊరోళ్ల పాట గూడ ఉన్నది గద."

ఆ ఆదివారం వనజ ఊరికి పోయింది. పెద్దమ్మ భీమక్క పన్నెండు మంది ఆడవాళ్లతో రేలపాట సాధన చేయిస్తోంది. వాళ్లు ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, వరసగా అటూ ఇటూ కదులుతూ పాడతారు. మైకు చేత్తో పట్టుకోలేరు, ఒక్కచోట నిలబడరు. వనజ గట్టు మీద కూర్చుని వాళ్ల అడుగులు లెక్కపెట్టింది. స్టేజీ రెండు కొసలకూ రెండు పొట్టి స్టాండ్లు పెట్టాలి, వరస ఎటు వస్తే అటు మైకు తెరవాలి, రెండోది మూయాలి అని నోటుబుక్కులో రాసుకుంది.

"గా డబ్బాలల్లకెల్లి మా గొంతే వస్తదా, ఇంకెవలదన్న వస్తదా?" అని నవ్వింది భీమక్క.

"మీ గొంతే వస్తది పెద్దమ్మా. నేనుంట గద."

పండుగకు రెండు వారాల ముందు ఒక స్కూలు వార్షికోత్సవంలో గోపయ్య ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. వనజ చెయ్యి ట్రెబులు మీదే ఉంది. ఎందుకు దించినవని అడిగాడు. చెయ్యి తగిలిందని చెబితే అయిపోయేది. కానీ ఆయన ఇన్నాళ్లూ నేర్పిన మనిషి, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"పెదనాయనా, సన్నటి సౌండు నీకు ఇనబడ్తలేదు. బాయిల డ్రిల్లు మోతకు చెవి పోయినట్టుంది."

"ఎన్నాళ్ల సంది దించుతున్నవ్?"

"రెండేండ్ల సంది."

గోపయ్య అరవలేదు. మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. వారం తిరిగేసరికి ఆయన చెల్లెలి కొడుకు శివకుమార్ దుకాణంలో కూర్చుని ఉన్నాడు. పండుగకు పెద్ద పెద్దోళ్లు వస్తారని, మిక్సరు కాడ ఆడపిల్ల ఉంటే బాగుండదని గోపయ్య గోడ వైపు చూస్తూ చెప్పాడు. శివకుమార్‌కు బొట్లు చూపించమన్నాడు.

వనజ చూపించింది. ఇవి హాలుకు పెట్టినవని, అదీ మైకు నోటికి ఆనించుకుని పాడేవాళ్లకని, పండుగ జరిగే ఆరుబయట పనికిరావని చెప్పింది. నోటుబుక్కు కూడా ముందు పెట్టింది. శివకుమార్ దాన్ని తెరవలేదు.

"హాలుకో బొట్టు, గ్రౌండుకో బొట్టు. ఇదేమన్న పేరంటమా?" అన్నాడు.

పండుగ మొదటి రోజు పొద్దున భద్రాచలంలో వనజ, జనం దాటకుండా కట్టిన తాడు అవతల, చూడవచ్చిన ఆడవాళ్ల మధ్య కూర్చుంది. స్టేజీ నడుమ ఒక్కటే మైకు, మనిషెత్తు స్టాండు. భీమక్క వాళ్ల వరస దాని ముందుకు వచ్చినప్పుడు నాలుగు మాటలు వినిపించాయి, దాటిపోగానే గాలికి పోయాయి. వినపడటం లేదని జనం కేకలేశారు. శివకుమార్ నాబులు పైకి తిప్పాడు. మైకు కుయ్‌మని కూత పెట్టింది.

ముందు వరసల్లో వాళ్లంతా చెవులు మూసుకున్నారు. మిక్సరు పక్కన గోపయ్య మాత్రం చేతులు కట్టుకుని పాటకు తల ఊపుతున్నాడు. ఆయనకు ఆ కూత వినపడటం లేదు. పైగా వంగి, ట్రెబులు ఇంకాస్త పైకి తిప్పాడు.

వనజ లేచి తాడు దగ్గరకు పరుగెత్తింది. మైకుసెట్టు మనిషినని చెబితే వాలంటీరు నమ్మక గోపయ్య వైపు చూశాడు. గోపయ్య ఆమెను చూశాడు. కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

శివకుమార్ కంగారుపడి మైకు మొత్తం మూసేశాడు. అమ్మలూ, మైకు దగ్గరకొచ్చి పాడాలని యాంకరు తన మైకులో చెప్పాడు. నడుముల మీది చేతులు విడిపోయాయి. వరస ఆగిపోయింది. భీమక్క ఒక్కతే ముందుకొచ్చి, మడమలెత్తి, మూసి ఉన్న మైకులో నోరు పెట్టి పాడింది. జనం నవ్వారు. తర్వాతి అంశం సినిమా పాటకు డ్యాన్సు.

తిరుగు బస్సులో భీమక్క వనజ పక్కనే కూర్చుంది. బస్సు పాల్వంచ దాటింది.

"ఉంట అన్నవ్ గద," అంది చివరికి. అంతే.

మర్నాడు దుకాణంలో గోపయ్య ఎవరికో చెబుతున్నాడు, అడవి ఆడోళ్లకు మైకు ముందు నిలబడుడే రాదని. శివకుమార్ మిక్సరును వనజ ముందుకు జరిపాడు.

"ఆరుబయటకు వేరే బొట్లు పెట్టు. హాలువి గట్లనే ఉండనీ."

పండుగ కోసమని కొన్న రెండు అట్టల బొట్లు వనజ సంచిలో విప్పకుండా ఉన్నాయి.

"బొట్లు అయిపోయినయ్," అంది.

ఆ మీదట, ప్రతిరోజూ తుడిచినట్టే మిక్సరు తుడవడానికి గుడ్డ తీసుకుంది. ఈసారి ఎర్రవీ నల్లవీ పచ్చవీ గోటితో ఒక్కొక్కటే లేపింది. గోపయ్య చూస్తూనే ఉన్నాడు. వద్దనలేదు. వద్దంటే, తన చెవి పోయిందని, ఇన్నాళ్లూ సౌండును కాచింది ఆ బొట్లేనని శివకుమార్ ముందు ఒప్పుకోవాల్సి వస్తుంది.