కార్డు దాచిన ఇల్లు

పులివెందుల బ్యాంకులో పెద్దసుబ్బమ్మ నిలబడి రెండు గంటలైంది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గొర్రెల వాసన వస్తోందని వాచ్‌మన్ ఆమెను గోడ పక్కకు జరిపాడు. ఆ గొర్రెలను అమ్మిన డబ్బు కట్టిన రోజు ఇక్కడ ఎవరికీ వాసన రాలేదు.

నాలుగు పొట్టేళ్ళ డబ్బు, నలభై వేలు ఖాతాలో ఉండాలి. రేపటికి రెండు ట్రాక్టర్ల జొన్నసొప్ప కొనకపోతే మిగిలిన అరవై జీవాలు మట్టి నాకాలి.

"సోమవారం ప్రొద్దుటూరులో సెల్లుల షాపులో కార్డు గీకినావు. ముప్పై తొమ్మిది వేల ఎనిమిది వందలు" అన్నాడు ఆఫీసరు నారాయణ, కంప్యూటరు మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

"సోమవారం తొండూరు కాడ జీవాలు మేపుతాండా సారూ. సెల్లు షాపులో నాకేం పని?"

"కార్డు యాడ పెట్టినావు?"

"చంద్రమోహనప్ప ఇంట్లో. బీరువాలో."

"నెంబరు ఎవురికి తెలుసు?"

"వాళ్ళ కొడుకు వివేక్‌కు. నాకు అంకెలు రావు. మిషను కాడ ఆయబ్బే నొక్కేది."

మందతో తిరిగేవాళ్ళకు బీరువా ఎక్కడిది? ఎవరి చేలో మంద పడుకుంటే వాళ్ళింట్లోనే కాగితాలూ కార్డులూ దాచుకుంటారు. చంద్రమోహన్ సింహాద్రిపురం దగ్గర నలభై ఎకరాల ఆసామి. నెల రోజులుగా అరవై జీవాలు అతని చేనుకు ఎరువు పోస్తున్నాయి. అందుకు అతనిచ్చేది రోజుకు ఇన్నూరు. అదీ అడిగితేనే.

ఫిర్యాదు రాసుకోమంటే నారాయణ చంద్రమోహన్‌కు ఫోను చేశాడు. ఆ పూట బ్యాంకులో చురుగ్గా జరిగిన పని అదొక్కటే.

చంద్రమోహన్ వచ్చాడు. వాచ్‌మన్ కుర్చీలు తుడిచాడు. కాఫీ వచ్చింది.

"పిల్లోడు తెలీక గీకినాడు సుబ్బమ్మా. దానికింత యాగీ ఏంది? పదివేలిస్తా, సొప్ప కొనుక్కో. మిగతాది పంట మీద సూచ్చాంలే."

ఆ పిల్లోడికి ఇరవై ఆరేళ్ళు.

"తెలీక గీకితే నీ కార్డు గూడా గీకిండల్ల గదప్పా."

నారాయణ నవ్వును కాఫీలో దాచుకున్నాడు. ఒక కాగితం రాసి ముందుకు తోశాడు. "నువ్వు ఇష్టపడే ఇచ్చినావని రాసినా. ఏలుముద్ర ఎయ్యి, పనైపోతాది." ఆమెను అడక్కుండానే బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడు మీద నొక్కాడు. ఆ చేతికి అది అలవాటైన పని.

ఆమె చేయి లాక్కుంది. రెండో చేత్తో నడుము సంచిలోంచి ఫోను తీసి పచ్చ మీట రెండుసార్లు నొక్కింది. చేను కాడున్న మొగుడు రంగన్న పలికాడు.

"మంద లేపు. తడికెలు పీకు. ఇంగ ఈయప్ప చేన్లో మన జీవాలు పండుకోవు."

"యాడికి తోలేది?"

"తెల్దు. ముందు లేపు."

చంద్రమోహన్ కప్పు కింద పెట్టాడు. "ఇంకా మంద పడాల్సిన నాలుగెకరాలుండాయి గదమ్మే! ఇప్పుడు లేపితే ఎట్లా?" ఆమె డబ్బు పోయిందంటే కదలని ముఖం, గొర్రె పెంటికలు పోతున్నాయనగానే కదిలింది.

పెద్దసుబ్బమ్మ కాగితం తిరగేసి నారాయణ ముందు పెట్టింది.

"ఈ పక్క తెల్లగా ఉండాది. నా దుడ్లు ఎవురు తీసుకున్న్యారో ఈడ రాయి సారూ. అప్పుడు ఏచ్చా ముద్ర."

నారాయణ చంద్రమోహన్ వైపు చూశాడు. పెన్ను మాత్రం తీయలేదు.

ఆమె వాచ్‌మన్ తుడిచిన రెండో కుర్చీలో కూర్చుంది, ఇంకు బొటనవేలు ఎత్తి పట్టుకుని.