ఇస్త్రీ బాబాయి తప్పుల ప్రార్థన

మా నాన్న దర్జీ. కొలతలో పావు అంగుళం తేడా వస్తే నిద్రపట్టని మనిషి. ఆదివారం బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు కథలు చెప్పాడు. అక్కడా అంతే. నోవహు ఓడలోంచి ముందు పావురాన్ని వదిలాడని ఎవరైనా అంటే, మరి కాకి సంగతేమిటని నిలదీసేవాడు.

అమ్మ పోయాక ప్రార్థన మానేశాడు. "పిలిచి పిలిచి గొంతు పోయింది. పలకనివాణ్ణి ఇంకెందుకు పిలవడం?" అన్నాడు. చర్చి పెద్దలు ఓదార్చడానికొచ్చి తలో ప్రసంగం చేసి వెళ్లారు. దాంతో దుఃఖం తగ్గకపోగా తలనొప్పి కూడా తోడైంది. నాకు మాత్రం భయం వేసింది, అమ్మతోపాటు నాకు తెలిసిన నాన్న కూడా వెళ్లిపోయాడేమోనని.

ప్రసంగం చెయ్యనిది ఇస్త్రీ బాబాయి ఒక్కడే. మా కొట్లోనే కిటికీ పక్కన ఆయన ఇస్త్రీ బల్ల. నాన్నా ఆయనా చిన్నప్పటినుంచీ స్నేహితులు, చిన్నప్పటినుంచీ పోట్లాటే. ఒక మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని, వీధి చివరికి వినబడేలా అందుకున్నాడు.

"సొలొమోను చేత గొల్యాతును పడగొట్టించిన దేవా..."

నాన్న కత్తెర ఆగింది. పళ్లు కొరుక్కుని మళ్లీ గుడ్డ మీదికి వంగాడు.

"పన్నెండు రొట్టెలతో ఐదువేలమందికి అన్నంపెట్టిన ప్రభువా..."

"ఐదు! ఐదు రొట్టెలు, రెండు చేపలు! పన్నెండంటే మిగిలిన ముక్కల గంపలు!" నాన్న సుద్దముక్క విసిరాడు. "గొల్యాతును కొట్టింది దావీదు. సొలొమోను అప్పటికి పుట్టనే లేదు! ఇన్నేళ్లూ చర్చిలో నిద్రపోయావట్రా?"

"పక్కన నువ్వున్నావు కదాని కాస్త కునికానురా," అన్నాడు బాబాయి దీనంగా. "ఇంతకీ ఆ రొట్టెలెవరిచ్చారు?"

నాన్న తిట్టుకుంటూనే కథంతా చెప్పాడు.

అది మొదలు రోజూ ఇదే వరస. పక్షవాతం మనిషిని ఇంటికప్పు విప్పి మంచంతో సహా ప్రభువు ముందుకు దించింది ఇద్దరేనన్నాడు బాబాయి ఓసారి. "నలుగురురా! మంచానికెన్ని మూలలుంటాయో కూడా తెలీదూ?" అని నాన్న బల్ల గుద్దాడు. పోనుపోను ఆ ఊపులో ప్రార్థన కూడా తనే ముగించి, ఆమెన్ అనేసేవాడు. నేను కాజాలు కుడుతూ నవ్వాపుకునేదాన్ని.

"ప్రార్థన చేసినట్టేగా నాన్నా?" అన్నాను.

"చెయ్యలేదు. సరిచేశాను," అన్నాడు.

ఆ వానల్లో బాబాయికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసిన మనిషి ఆస్పత్రి మంచం మీద నలిగిన చొక్కాతో పడుకుని ఉన్నాడు. నాన్న ఆయన కాలరు సర్దుతూ ఉండిపోయాడు.

"ఆయాసంగా ఉందిరా. ఇవాళ ప్రార్థన నువ్వే చెయ్యి," అన్నాడు బాబాయి.

నాన్న నావైపు చూశాడు, కిటికీవైపు చూశాడు. చివరికి బాబాయి చెయ్యి పట్టుకుని మోకరించాడు.

"ప్రభువా, నాకు వీడొక్కడే మిగిలాడు..."

పక్కన నేనున్నాను. అయినా ఎందుకో ఉక్రోషం రాలేదు.

"వీణ్ణి కూడా తీసుకెళ్లకు. సింహాల గుహలో యోనాను కాపాడిన దేవా..." తప్పు దొర్లిందని నాన్నకు తెలియనే లేదు.

బాబాయి ఒక కన్ను తెరిచాడు. "దానియేలురా."

"ఏమిటి?"

"గుహలో ఉన్నది దానియేలు. దర్యావేషు రాజు పడవేయించాడు, ఆ రాత్రంతా రాజుకు నిద్ర కూడా పట్టలేదు. యోనాది చేప కడుపు."

నాన్న నోరు తెరుచుకుని చూశాడు. "మరి సొలొమోను? పన్నెండు రొట్టెలు?"

"ప్రార్థనకు రానన్నావు. తప్పు దిద్దడానికైనా వస్తావని..." దగ్గు అడ్డమొచ్చింది.

"దొంగ వెధవా!" నాన్న ఏడుస్తూనే నవ్వాడు. "దేవుడి ముందు అన్ని అబద్ధాలా?"

"ఆయనకు నిజం తెలుసులే. మొదటినుంచి చెప్పు, ఈసారి సరిగ్గా."

నాన్న కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. దానియేలు దగ్గర తడబడలేదు. అమ్మ పేరు దగ్గర తడబడ్డాడు, చాలాసేపు. బాబాయి దిద్దలేదు.