వీపు దిగిన పిల్ల

నీల్దాకి మూడో ఏడు వచ్చినా నేల మీద నడిచింది తక్కువ. తల్లి దొమితీలా ఉన్ని దుప్పటిలో ఆమెను వీపుకి కట్టుకునే బంగాళాదుంపలు తవ్వేది, కట్టెలు మోసేది.

"దించవే దాన్ని. నీ వీపులోకి దాని వేళ్లు దిగాయా ఏమిటి, చెట్టులా?" అని అత్త సెనోబియా దెప్పేది.

దొమితీలా దుప్పటి ముడి ఇంకాస్త బిగించుకునేది. పెద్దపిల్ల లుస్మీలా ఈ వయసులోనే చేల పక్క కాలువలో పడి చనిపోయింది. జడుసుకున్న పిల్ల ప్రాణం పడినచోటే ఉండిపోతుందని, తొడిగిన బట్ట చూపి పిలిస్తే వెంట వస్తుందని ఆ కొండల్లో అందరికీ తెలుసు. అందుకే పొద్దు వాలేవేళ దొమితీలా ఆ పిల్ల ఎర్ర స్వెట్టరు పట్టుకుని గట్టు మీద నిలబడేది.

"లుస్మీలా, రా తల్లీ, ఇంటికి పోదాం."

నీళ్ల సడిలో ఎవరో "ఊఁ" అన్నట్టుండేది. వీపు మీది నీల్దా ఊపిరి బిగబట్టి వినేది.

దుంపలు తవ్వే రోజుల్లో ఒక మధ్యాహ్నం, వదులైన ముడి బిగించుకోవడానికి దొమితీలా పిల్లని కిందికి దించింది. నీల్దా చేయి విదిలించుకుంది.

"నేనే! నేనే పోతా!"

తల్లి వెంటపడి గట్టు చేరేసరికి పిల్ల కాలువ దాటడానికి అడ్డంగా వేసిన దుంగ నడిమధ్యన ఉంది. నీళ్లలోకి వంగి పిలుస్తోంది. "లుస్మీలా, రా తల్లీ, ఇంటికి పోదాం."

దొమితీలా గట్టు అంచుకి ఉరికింది. "లుస్మీలా!" అని కేక పెట్టింది. నోటికి ఆ పేరే వచ్చింది.

పిల్ల గిర్రున తిరిగింది. దుంగ కదిలింది.

"నేను లుస్మీలా కాదు. నీల్దాని!" అంది కోపంగా.

దొమితీలా దుంగ మీద కాలు వేయబోతే, చేలోంచి వెనకే పరిగెత్తుకొచ్చిన సెనోబియా రెక్క పట్టి ఆపింది.

"ఆగవే! నువ్వెక్కితే దొర్లిపోతుంది. దాని పేరుతో పిలువు దాన్ని."

దొమితీలా ఆ పేరు కోసం తడుముకుంది. ఎప్పుడూ వీపు మీదుండే పిల్లని పేరు పెట్టి పిలిచే పనే పడలేదు.

"నీల్దా," అంది చివరికి. "అడుగు చూసుకుంటూ రా."

"నేనే వత్తా."

"నువ్వే రా, తల్లీ."

నీల్దా నాలుక బయటపెట్టి, పాదం వెనక పాదం జరుపుకుంటూ వచ్చింది. తల్లి చేతులు చాస్తే తప్పించుకుని ఇంటి దారి పట్టింది. రాళ్ల దగ్గర పడింది. ఎవరూ లేపకముందే లేచి మోకాళ్లు దులుపుకుంది.

ఆ తర్వాత ఆమె మళ్లీ వీపెక్కలేదు. సంతకి వెళ్లినా తనే ముందు నడిచేది. వెనకాల నడిచే దొమితీలాకి మాత్రం దారి పొడవునా చిన్న పాదాల చప్పుడు రెండు జతలుగా వినిపించేది. తల ఎత్తి చూసేది కాదు.

"పదండర్రా," అనేది మెల్లగా, "పొద్దుపోతోంది."