అయిందా?

మా అత్తగారు ఫోన్ చేస్తే కూతురి క్షేమం రెండో ప్రశ్న. మొదటిది, "అల్లుడికి అయిందా?" మా ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, గిన్నెలు తోముతూ, "అయిందమ్మా, కాస్త గట్టిగా ఉంది," అంటుంది. నేను పక్క గదిలోనే ఉంటాను. నా కడుపు సంగతి ఈ ఇంట్లో వాతావరణ సమాచారం లాంటిది. ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా చెప్పొచ్చు. నా అభిప్రాయంతో పని లేదు.

లారీలు తూచే కాటా బాగుచేయడానికి దాని కింది గోతిలోకి దిగుతూ నిచ్చెన మీంచి వెల్లకిలా పడి రెండేళ్లయింది. వెన్నుపాము నలిగింది. ఛాతీ మధ్య నుంచి కిందికి నాకేమీ తెలియదు. నడవలేకపోవడం అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని మీదే జాలిపడతారు. నిజానికి అన్నిటికన్నా సులువుగా అలవాటైంది అదే. కనిపించనివి రెండున్నాయి. ఒకటి మంట. సూది గుచ్చినా తెలియని కాళ్లు, మోకాళ్ల నుంచి కిందికి మిరపకాయలు నూరి పూసినట్టు పగలంతా మండుతాయి. స్పర్శే లేని కాళ్లకు నొప్పేమిటని అడిగితే డాక్టరు నరాల బొమ్మ గీసి చూపించాడు. బొమ్మ బాగుంది.

రెండోది పేగు. అది ఎప్పుడు వదులుతుందో నాకు కబురు పెట్టదు. అందుకని మనమే ముందుగా దానికి కబురు పెట్టాలి. రోజు విడిచి రోజు, అదే వేళకి, మందు బిళ్ళ లోపలికి తోసి, ఇరవై నిమిషాలు ఆగి, గ్లౌజు తొడిగిన వేలు లోపల మెల్లగా గుండ్రంగా తిప్పాలి. ఆ వేలు మొన్నమొన్నటి దాకా మా ఆవిడది. ఒకప్పుడు ఆ చెయ్యి నా మీద పడితే నాకు తెలిసేది.

"మీ చేతులు బాగానే ఉన్నాయి కదండీ, ఇంకొకరి చెయ్యి దేనికి?" అంది మూడు నెలల కింద ఫిజియోథెరపీ చేయించే ఆవిడ. ఇంత చిన్న మాట నాకెవరూ చెప్పలేదు. నేర్చుకున్నాను. మొదట్లో రెండు గంటలు పట్టేది, ఇప్పుడు గంటా పది నిమిషాలు. మా ఆవిడ తలుపు బయట నిలబడుతుంది. లోపల గడియ పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

నేను నేర్చుకున్నానని తెలిశాకే, నేను పనిచేసిన కాటాల మరమ్మతు కొట్టు యజమాని, మేమంతా పెద్దాయన అంటాం, పనిలోకి రమ్మన్నాడు. "వారం రోజులు చూద్దాం," అన్నాడు. ఏం చూస్తాడు? చేతులు కాటా సరిచేయగలవని ఆయనకు పదిహేనేళ్లుగా తెలుసు. ఆయన చూడదలచుకున్నది నా చేతుల్ని కాదు.

ఎనిమిది గంటలు కూర్చోవాలంటే మంట ఆగాలి. మంట ఆపే మాత్ర పేగును కూడా ఆపేస్తుంది. పేగు నడవాలంటే మంట భరించాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. గోతిలో ఒకసారి పడ్డవాణ్ణి కదా, ఈసారి నూతిని ఎంచుకున్నాను. ఆదివారం సాయంత్రం, మా ఆవిడ బట్టలు ఆరేస్తుండగా, రోజూ వేసుకునేది కాక ఇంకో మాత్ర మింగాను.

సోమవారం పొద్దున్న అయిదున్నరకి కమోడ్ కుర్చీ ఎక్కాను. ఆరూ నలభైకి బయటి నుంచి మా ఆవిడ గొంతు.

"అయిందా?"

"అయింది."

"మొత్తమా?"

"వచ్చి చూసి సంతకం పెట్టు."

నేనేమన్నా ఆమె జవాబివ్వదు. రోగితో పోట్లాడకూడదని ఎవరు చెప్పారో ఏమో.

కొట్టులో నా బల్ల కాళ్లు నాలుగు అంగుళాలు కోసి ఉన్నాయి. కోసినవాడు నాతో పనిచేసే అరకిలో. బక్కపలచటి మనిషి, యాభై దాటాయి, ఆ పేరు పెట్టింది నేనే.

"రా బావా. బల్ల కుంటుతోందేమో చూసుకో," అని నాలిక కరుచుకున్నాడు.

"కుంటితే నాకు తోడు," అన్నాను. ఇద్దరం నవ్వాం. రెండేళ్లలో నాతో తప్పుగా మాట్లాడిన మొదటి మనిషి వాడు. ప్రాణం లేచొచ్చింది.

మొదటి పని మందుల కొట్టాయన కాటా. పళ్ళెం ఒక మూలన పెడితే బరువు ఎక్కువ చూపిస్తోంది. ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఇత్తడి గుండ్లను పట్టకారుతో నాలుగు మూలల్లో మార్చి మార్చి పెడుతూ, పళ్ళెం కింది మర వెంట్రుకవాసి తిప్పుతున్నాను. మూడు మూలలు కుదిరాయి. కాళ్లు మండుతున్నా ఎక్కడో దూరంగా మండుతున్నాయి. పదకొండయింది. నాలుగో మూలకి గుండు పెట్టబోతుంటే వాసన వచ్చింది.

నా ఒంటి సంగతి అందరితోపాటు నాకూ ముక్కుతోనే తెలియాలి.

మందుల కొట్టాయన జేబురుమాలు తీశాడు. అరకిలో గబగబా లేచి ఫ్యాను పెంచి, "వెధవ డ్రైనేజీ మళ్లీ పొంగినట్టుంది," అన్నాడు నా వైపు చూడకుండా. నన్ను కాపాడుతున్నాడు. వాణ్ణి పట్టకారుతో పొడవాలనిపించింది.

"డ్రైనేజీ కాదు. నేనే," అన్నాను గట్టిగా.

పెద్దాయన లోపలి నుంచి వచ్చాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఏం ఫరవాలేదు బాబూ. బండి పిలుస్తాను, ఇంటికెళ్లి పడుకో. ఇంటి దగ్గర కూర్చుని చేసే పనేదైనా తర్వాత చూద్దాంలే."

వారం అన్నది రెండు గంటలకే అయిపోయింది. ఇప్పుడు ఆ బండి ఎక్కితే మళ్లీ ఈ బల్ల ముందుకి రానని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"గంట టైమివ్వండి," అని చక్రాల కుర్చీ తిప్పి సామాను గదిలోకి పోయి గడియ పెట్టాను.

అట్టపెట్టెలు విప్పి చెక్క బెంచీ మీద పరిచాను. చేతుల మీద దానిపైకి జరిగి, పడుకుని, కుడి పక్కకి దొర్లి ప్యాంటు లాగాను. ఎడమ పక్కకి దొర్లి మళ్లీ లాగాను. నీళ్లలా ఉంది. నా పేగు ఇలా చేయదు. నిన్న మింగిన మాత్రకి ఇంకా బిగుసుకోవాలి. కుర్చీకి తగిలించిన సంచిలో గ్లౌజులు, తడి కాగితాలు, ఇంకో ప్యాంటు, అన్నీ ఆమె సర్దినవే. అద్దం లేదు. వీపు వెనక ఏముందో కాగితం తీసి చూసుకుంటే తప్ప తెలియదు. తుడవడం, చూడడం, మళ్లీ తుడవడం. తొడలు బిగుసుకుని వాటంతటవే తన్నుకుంటుంటే వాటిని బూతులు తిట్టాను. నా జీవితంలో అంత నోరు ఎప్పుడూ చేసుకోలేదు.

తలుపు మీద చప్పుడు. "ఏమండీ, నేను. తలుపు తీయండి."

అరకిలో ఫోన్ చేసి ఉంటాడు.

"తీయను."

"మీ వల్ల కాదు. నేను చేస్తాను, తీయండి."

"సగం అయింది. నువ్వు నాకేం పెట్టావు?"

"నిన్న రాత్రి పాలల్లో విరేచనం పొడి కలిపాను. రెండు చెంచాలు."

చేతిలో కాగితం నలిగిపోయింది. "నాకు చెప్పకుండానా? ఇవాళ నేను పనిలోకి వస్తున్నానని తెలిసి?"

"మీరు చెప్పారా? మాత్రల అట్టలో ఒకటి తక్కువుంది. లెక్క తెలియదనుకున్నారా? పేగు బిగుసుకుంటే పోయినసారి ఏమైంది? బీపీ పెరిగి, తల పగిలిపోతోందని అరిస్తే ఆసుపత్రికి పరిగెత్తింది ఎవరు?"

"అడగొచ్చుగా!"

"అడిగితే చెప్పేవారా?"

చెప్పేవాణ్ణి కాదు. ఆమె అడిగితే ఇంకో అబద్ధం సిద్ధంగా ఉంది నా దగ్గర. నా కోపమేమీ తగ్గలేదు. దాన్ని మొత్తంగా ఆమె మీదికి విసరడానికి మాత్రం లేకుండా పోయింది, అంతే.

"చెప్పేవాణ్ణి కాదు," అన్నాను.

"మరి!" తలుపు మీద ఒక్క గుద్దు గుద్దింది. "ఎంతసేపూ మీ పరువు, మీ మంట. నా బతుకేంటి? తలుపు బయట కాపలా కుక్కనా నేను? రెండేళ్లుగా ఒక్క పూట నిద్ర పట్టిందా నాకు? మొండి మనిషి! ఎప్పుడూ మొండి మనిషే, కాళ్లున్నప్పుడూ అంతే!"

కొట్టంతా వింటోంది. ఆమె ఊపిరి తలుపు ఇవతలికి వినపడుతోంది. నేను పడ్డాక ఆమె నన్ను తిట్టడం ఇదే మొదలు.

ప్యాంటు ఎక్కించుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది. కుర్చీలోకి మారి, పాడైన బట్టలు సంచిలో మూటకట్టి, సీసా నీళ్లతో చేతులు రెండుసార్లు కడుక్కుని గడియ తీశాను. ఆమె ముఖం ఎర్రగా ఉంది. సంచి కోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు.

"నా బట్టలు నేనే ఉతుక్కుంటాను. ఇంటికెళ్లు."

"మీరు?"

"నాలుగో మూల మిగిలింది. ఆరింటికొస్తాను. అప్పుడు పోట్లాడదాం."

"పోట్లాడదాం. నేనూ చాలా అనాలి," అంది. కళ్లు తుడుచుకోకుండానే వెళ్లిపోయింది.

పెద్దాయన ఏదో అనబోయాడు. "రేపు కూడా తొమ్మిదింటికే వస్తాను," అన్నాను. ఆయన సరేననలేదు, వద్దనీ అనలేదు. మందుల కొట్టాయన స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు, కానీ లేవలేదు. పట్టకారు తీసుకున్నాను. మంట మోకాళ్ల దాకా వచ్చేసింది. గుండు నాలుగో మూలన పెట్టి, అంకెలు నిలబడేదాకా చూస్తూ, ఆరింటికి ఆమెతో ముందు ఏమనాలో మాటలు పేర్చుకోసాగాను.