ఊడకుండా కట్టిన ముడి

"గాలి ఎత్తుకుపోతే మళ్ళీ ఎవరు దించుతారే?" అని అడిగాను.

భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి ఉంది. మూలలు లేవకుండా ఆవకాయ జాడీ, ఉప్పు డబ్బా, మా వారి కళ్ళజోడు పెట్టె, నా అట్లకాడ పెట్టారు. మా తేజశ్రీ, పక్కింటి ఆడ్రీ గారి పిల్లలు జారెడ్, నికోల్, ముగ్గురూ దాని మీదకి వంగి సముద్రపొడ్డు ఊళ్ళని పెన్సిలుతో చుట్టేస్తున్నారు. ఇంకా ఎవరూ గడప దాటలేదు. ఇంట్లో ఫ్యాను కూడా తిరగడం లేదు.

తేజశ్రీ నా మాటని ఇంగ్లీషులో చెప్పింది. జారెడ్ నవ్వి ఏదో అన్నాడు.

"ఎత్తిన గాలే దించుతుందిట," అంది తేజశ్రీ. "అమ్మా, ఇంకా బయల్దేరనేలేదు. నువ్వప్పుడే ఏడవడానికి కూర్చున్నావు."

"అలాంటి మాటలనకు. తథాస్తు దేవతలుంటారు."

"వాళ్ళకి వీసా దొరకలేదులే."

ఆ గాలిపటం ఆట అప్పుడప్పుడే డర్బన్ వైపు వచ్చింది. గాలిపటం అంటే పిల్లలెగరేసే కాగితం ముక్క కాదు. మా హాలంత వెడల్పు గుడ్డ, దానికి ముప్ఫై గజాల తాళ్ళు. ఆ తాళ్ళ కొస మనిషి నడుముకున్న పట్టీకి తగిలిస్తారు. కాళ్ళ కింద ఒక చెక్క. పైన గాలిపటం లాగుతుంటే కింద సముద్రం మీద మనిషి జారుకుంటూ పోవాలి. గాలి ఎక్కువైతే నీళ్ళ మీద నుంచి ఇంతెత్తు లేస్తారని నికోల్ తన తల పైకి చెయ్యెత్తి చూపించింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందకి దించాను.

మేం పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చింది తొంభై ఆరులో. మా వారు ఆంజనేయులు గారు నీళ్ళ శాఖలో ఇంజనీరు. నాది పెద్దాపురం, చదివింది తొమ్మిదో తరగతి దాకా. ఇక్కడ నార్త్‌డేల్ పేటలో నా కుట్టుమిషను మీద కుట్టని జాకెట్టు లేదు. తెల్లవాళ్ళ రాజ్యం పోయాక రెండోసారి ఎన్నికలై ఏడాది గడిచింది. తేజశ్రీకి పంతొమ్మిది నిండాయి. ఒక్కతే పిల్ల.

భయం నాకు కొత్త కాదు. తేజశ్రీ ఈత నేర్చుకుంటానన్నప్పుడు, ఆ నేర్పే ఆయనకి ఫోను చేయించి మా పిల్లకి ఉబ్బసం ఉందని అబద్ధం చెప్పించాను. తెలిశాక పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం ముందు కూర్చునేది, తినేది, లేచిపోయేది. పదమూడో రోజున దాని చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను, ఇంకెప్పుడూ నీ వెనకాల ఏమీ చెయ్యనని. అది ఈత నేర్చుకుంది. ఆ ఒట్టు మీదే మా ఇల్లు నడుస్తోంది.

అందుకని ఈసారి అడ్డు చెప్పలేదు. అడిగినవన్నీ ఎదురుగానే అడిగాను. రాళ్ళున్నాయా, సొరచేపలున్నాయా, పడితే ఎవరు చూస్తారు అని. అన్నిటికీ జవాబు చెప్పారు పాపం. చివరికి శనివారం అనుకున్నారు. ఈశాన్యం గాలి వీస్తే ఒక ఊరు, నైరుతి గాలి వీస్తే ఇంకో ఊరు. ఒకటి డర్బన్‌కి పైన బల్లిటో, రెండోది కింద స్కాట్‌బర్గ్. సముద్రం మీద గాలి ఏ దిక్కుదో మా ఊళ్ళో తెలియదట, ఏదన్నది శనివారం పొద్దున రేడియోలో గాలి సంగతి విన్నాక తేలుతుంది. నాకు ఈశాన్యమంటే దేవుడి మూల. అదే వీస్తే బాగుండునని మొక్కుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆడ్రీ గోడ మీదుగా పలకరించింది. ఆవిడ ముత్తాతలు మన వైపు నుంచే చెరుకు తోటల పనికి వచ్చారట. వాళ్ళది ఇప్పుడు చర్చికెళ్ళే ఇల్లు, మాట ఇంగ్లీషు. నాకోసం మాత్రం నాయనమ్మ దగ్గర విన్న తెలుగు వెతుక్కుని మాట్లాడుతుంది.

"ఏమి చెల్లీ, మొగం వాడింది?"

"మీ వాడి గాలిపటం అక్కా."

"బయం వొద్దు. దేవుడు చూస్తాది."

"నువ్వెలా పంపిస్తున్నావు? నీకు ఈత కూడా రాదు."

"రాదు. ఎట్ల వస్తాది?" అంది ఆడ్రీ. "స్కాట్‌బర్గ్ బీచ్ మాకు లేదు అప్పుడు. బోర్డు ఉండె, వైట్స్ ఓన్లీ. మా డాడీ కారు రోడ్డు మీద నిలిపె. ఐస్‌క్రీం తెచ్చి ఇచ్చె. మేము విండోలో నుండి సీ చూసినాం, అయిపోయె, ఇంటికి. ఇప్పుడు నా పిల్లలు పోతామంటే నేను నో చెప్తానా చెల్లీ?"

గోడ మీదున్న ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆ సాయంత్రమే తేజశ్రీ తన నడుము పట్టీ తెచ్చి నా మిషను మీద పెట్టింది. ఎవరో వాడి అమ్మేసిన పట్టీ అది. పక్కన ఒకచోట కుట్టు విడిపోయింది.

"అమ్మా, నువ్వు కుడితే ఊడదు. ఇదొక్కటే కుట్టు. మిగతావేమీ ముట్టుకోకు."

ఎంత సంతోషమైందో చెప్పలేను. దాని ఆటలో నాకూ ఒక పని దొరికింది. తోలుసూదితో, మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టాను. రెండు చేతులా పట్టి లాగి చూశాను. కదల్లేదు.

అప్పుడు కంటబడింది. పట్టీ ముందు భాగాన ఇనప కొక్కెం, ఆ కొక్కేనికి ఒక చీల, చీల కొసకి రేగుపండంత ఎర్ర బంతి. గాలిపటం తాళ్ళన్నీ వచ్చి తగులుకునేది ఆ కొక్కేనికేనని జారెడ్ బల్ల దగ్గర చూపించాడు. ఎర్ర బంతి సంగతి మాత్రం నేనడగలేదు. వేలితో ఇలా లాగానో లేదో, టక్కుమని కొక్కెం నోరు తెరుచుకుంది.

పిల్ల బరువంతా మోసే కొక్కెం వేలు తగిలితే ఊడిపోతుంటే దీన్ని నమ్ముకుని సముద్రంలోకి వెళ్తారా? చెబితే నవ్వుతారు. చెప్పకపోతే పిల్ల పడిపోతుంది.

మా ఊరి మరిడమ్మ తల్లి గుళ్ళో తెచ్చుకున్న ఎర్రదారం బీరువాలో ఉంది. కొక్కెం మూసి, చీలకీ బంతికీ కలిపి దాన్ని ఏడు చుట్లు చుట్టాను, ముడి మీద ముడి వేశాను. తేజశ్రీ చూస్తే కోసేస్తుందని మైనం రాసి, బంతి మీద కప్పే గుడ్డ నాలిక కిందకి అణిచేశాను. ఒట్టు గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. ఇది అబద్ధం కాదు కదా, దేవుడి దారమే కదా అనుకున్నాను. చాలా రోజుల తరవాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

శనివారం ఆరింటికి జారెడ్ తన బక్కీ, అదే వెనక తొట్టి ఉన్న బండి, హారన్ కొట్టాడు. లోపల ముగ్గురూ రేడియో విని ఏదో అనుకున్నారు, నాకు వినపడలేదు. పులిహోర డబ్బా అందించాను. "ఎక్కడికి?" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదని మా అమ్మ చెప్పిన మాట. అడిగితే వెళ్ళిన పని కాదంటారు. మింగేశాను. "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అన్నాను. మా వారు కూడా పంపుల దగ్గర డ్యూటీ ఉందని వెళ్ళిపోయారు.

తొమ్మిదిన్నరకి బట్టలారేస్తున్నాను. దుప్పటి తెరచాపలా ఉబ్బుతోంది. ఆడ్రీ గోడ దగ్గరికొచ్చింది.

"మంచి గాలి. వాళ్ళు ఇప్పుడు దిగుతారు నీళ్ళకి."

"గాలి ఇంకా పెరిగితే అక్కా?"

"నేను కూడా అడిగినా జారెడ్‌ని. నేను తల్లి కాదా? వాడు చెప్పినాడు, మమ్మీ, రెడ్ బాల్ ఉంది. ట్రబుల్ వస్తే దాన్ని లాగేది. కైట్ పోతాది, మనిషి నీళ్ళల్లో ఉంటాది. అది లేకుంటే కైట్ మనిషిని రాళ్ళ మీదకి ఈడుస్తాది." ఆడ్రీ చేత్తో లాగి చూపించింది. "అంతే చెల్లీ. వన్ పుల్."

నా చేతిలో దుప్పటి కొస జారిపోయి మట్టిలో పడింది.

"అక్కా," అన్నాను. "అది ఊడదు."

"ఏది?"

"ఎర్ర బంతి. నేను కట్టేశాను. నిన్న. ఊడిపోతోందని కట్టేశాను."

ఆడ్రీ నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఏప్రాన్‌తోనే గేటు వైపు నుంచి తిరిగి మా ఇంట్లోకి వచ్చి ఫోను అందుకుంది.

జారెడ్ సెల్లుకి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

"బక్కీలో పెట్టి పోయినాడు," అంది. "ఎక్కడ పోయినారు చెల్లీ, బల్లిటోనా, స్కాట్‌బర్గా?"

"అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"నీకు చెప్పారా?" అన్నాను. "నేను స్నానంలో ఉన్నా," అంది ఆడ్రీ.

డైరెక్టరీ తీసి బీచ్ కాపలావాళ్ళ నంబర్లు వెతికింది. ముందు బల్లిటోకి చేసింది. ఇంగ్లీషులో గబగబా మాట్లాడి పెట్టేసింది.

"ఈ పొద్దు అక్కడ కైట్లు లేవు."

స్కాట్‌బర్గ్ నంబరు చాలాసేపు మోగింది. గోడ గడియారంలో పది దాటింది. కిటికీలోంచి చూస్తే దండెం మీద మిగిలిన బట్టలన్నీ ఒకే పక్కకి చాచుకుని ఉన్నాయి. ఒక్కో ఈడుపుకీ నా కళ్ళ ముందు నా పిల్ల రాళ్ళ మీదకి వస్తోంది. బంతి లాగుతోంది. అది రావడం లేదు. నేను వేసిన ముడి ఎప్పుడైనా ఊడిందా? వీధి వీధంతా నా దగ్గరికి కుట్టించుకోవడానికి వచ్చేది అందుకే కదా.

ఎవరో తీశారు. ఆడ్రీ గబగబా అడిగింది. తేజశ్రీ పేరు రెండుసార్లు వినబడింది. రిసీవరు నా చేతిలో పెట్టింది.

"కైట్లు ఉన్నాయట. ఆ మనిషి చూడను పోయినాడు. పట్టుకో."

చెవిలో గాలి తప్ప ఏమీ లేదు. గాలి, దూరంగా పిల్లల కేకలు, ఎక్కడో తలుపు కొట్టుకుంటున్న చప్పుడు. ఆడ్రీ నా భుజం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. నేను మరిడమ్మ తల్లిని పిలుద్దామనుకుని ఆగిపోయాను. ఆ తల్లి దారమే కదా.

అడుగుల చప్పుడు. రొప్పు.

"అమ్మా? నాన్నకేమైంది?"

అది నా కూతురే. ముందు చావే తోచింది దానికీ.

"నాన్నకేం కాలేదు. నువ్వు నీళ్ళలోకి దిగావా?"

"ఇప్పుడు నా వంతు. పట్టీ కట్టుకుని నిలబడితే పిలిచారు. ఏంటమ్మా, అందరూ చూస్తున్నారు."

చెప్పకుండా ఇంటికి వచ్చెయ్యమనొచ్చు. నాకు బాలేదంటే వచ్చేస్తుంది. దారం ఎప్పటికీ తెలియదు. ఆ మాట నోట్లో తయారుగానే ఉంది. భుజం మీద ఆడ్రీ చెయ్యి బరువుగా ఉంది.

"తల్లీ, నీ పట్టీకున్న ఎర్ర బంతి నేను కట్టేశాను. అది ఊడడానికే ఉందని నాకు తెలీదు. గుడ్డ నాలిక కింద చూడు. దారం ఉంటుంది. నీకు కనబడకూడదనే దాచాను. ఒట్టు తప్పాను."

అటునుంచి రిసీవరు దేనిమీదో పెట్టిన చప్పుడు.

"తేజా."

గాలి. తలుపు కొట్టుకుంటోంది. పెట్టేసిందనుకున్నాను, పెట్టేస్తే ఆ గాలి వినబడదు కదా అనుకున్నాను. పన్నెండు రోజులు గుర్తొచ్చాయి. పన్నెండు కాదు, పన్నెండేళ్ళు మాట్లాడకపోయినా సరే, ఆ ముడి విప్పితే చాలు. ఆడ్రీ కళ్ళు తెరిచి నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. దండెం మీద నుంచి ఇంకో గుడ్డ లేచి గోడవతల పడింది. గడియారంలో నిమిషాల ముల్లు మూడు గీతలు జరిగింది, నాలుగు జరిగింది. రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"అమ్మా," అంది చివరికి. "గోళ్ళతో రెండు విప్పాను. మొత్తం ఎన్ని ముడులు వేశావో సరిగ్గా చెప్పు."