ఒక్కపూట గ్లూకోజ్

నేను పనిచేసే ల్యాబులో మా తమ్ముడి చర్మకణాలు గిన్నెల్లో పెరుగుతున్నాయి. వాడి జబ్బు మైటోకాండ్రియాలో ఉంది. కణానికి శక్తినిచ్చే ఆ పొయ్యిలు వాడిలో పొగ ఎక్కువ కక్కుతాయి. ఆ పొగకి కణం పైపొరలోని కొవ్వు పాడై చిల్లులు పడతాయి. పొగను పట్టే మామూలు యాంటీఆక్సిడెంట్లు అంత లోపలికి చేరలేవు. మేం పరీక్షిస్తున్న మందు నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్లి పొగను పట్టేస్తుంది. పొర బాగుంటే మేం వేసే రంగు ఎర్రగా ఉంటుంది, పాడైతే ఆకుపచ్చగా మారుతుంది.

మందు వేశాక, ఇదే జబ్బున్న వేరేవాళ్ల కణాల్లో ఎరుపు నిలిచింది. మావాడి కణాల్లోనూ నిలిచింది. ఆ రోజు ఇంటికెళ్లి, చక్రాల కుర్చీ మాట ఇక ఎత్తొద్దని తమ్ముడికి చెప్పాను. గోడ పట్టుకుని నడుస్తూనే తలూపాడు.

రెండు వారాలకు మా ప్రొఫెసరమ్మ నా నోట్సు తిరగేస్తూ ఒకచోట ఆగింది. ఈ పరీక్షలో కణాలకు గ్లూకోజ్ పెట్టకూడదు. అది దొరికితే పొయ్యి పెద్దగా వెలిగించకుండానే బండి లాగించేస్తాయి, ఇక పొగెక్కడిది? గాలక్టోజ్ అనే వేరే చక్కెర ఇస్తేనే పొయ్యి మీద ఆధారపడతాయి. మొదటిసారి పరీక్ష పెట్టిన మూడోరోజు, మందు వేసిన వరసలో మావాడి కణాలు చిక్కినట్టు కనిపించాయి. ప్రాణం ఒప్పక ఒక్కపూట గ్లూకోజ్ పోశాను. మందు వేయని వరసకు పోయలేదు. దాచిందీ లేదు, నా చేత్తో నేనే రాసుకున్నాను. ఇన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో.

ఆవిడ తిట్టలేదు, మళ్లీ చెయ్యమంది. మూడుసార్లు చేశాను. మావాడి కణాలు మందు వేసినవీ వేయనివీ ఒక్కలాగే ఆకుపచ్చగా మారాయి. ఏడుపు రాలేదు. గిన్నెలు బ్లీచులో ముంచి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చాను.

తమ్ముడు వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. వాడు కత్తి పక్కన పెట్టాడు.

"అంటే, వాటికి దొంగచాటుగా తిండి పెట్టావా అక్కా?"

అవునన్నాను. కాసేపు నవ్వాడు.

"కుర్చీకి ఆర్డరిచ్చి పదిరోజులైందిలే. నువ్వంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

సిగ్గేసింది. ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాను. ఎల్లుండట. వెడల్పు ఇరవై ఆరు అంగుళాలట. టేపు తెచ్చి వంటింటి గుమ్మం కొలిచాను. ఇరవై నాలుగే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను.